సూదులు పన్నెండు, సిరంజి ఒకటి

డెబ్బై మూడేళ్ళ వయసులో కంటి శుక్లం తీయించుకుందామని వెళితే, ఆపరేషన్‌కు ముందు రక్తం పరీక్ష చేయాలన్నారు. మూడో రోజు రిపోర్టు చేతికిచ్చి, కన్ను సంగతి తర్వాత చూద్దాం, ముందు లివరు డాక్టరుకు చూపించుకోండి అన్నారు. హెపటైటిస్ సి అని ఉంది. గుంటూరులో ఆ లివరు డాక్టరు చిన్న వయసువాడు, మర్యాదస్థుడు. కాగితం రెండుసార్లు చదివి, "ఇది ఎప్పుడు అంటుకుందో ఇప్పుడు చెప్పలేమమ్మా. పాతికేళ్ళ కిందటో, ఇంకా ముందో. మీ పల్నాడు వైపు నుంచి మీ వయసు వాళ్ళు చాలామంది వస్తున్నారు. ఎవరికీ తెలియదు ఎప్పుడొచ్చిందో" అన్నాడు.

నాకు తెలుసు. మూడు సోమవారాల్లో ఒకటి. 1986 జనవరి 20, జనవరి 27, ఫిబ్రవరి 3. కానీ ఆయన తర్వాత పేషెంటును పిలిచాడు. చెప్పే ఓపిక నాకూ లేకపోయింది. చెప్పాల్సిన మనిషి ఆయన కాదు కూడా.

గురజాలకు ఎనిమిది మైళ్ళ దూరంలో ఒక ఊళ్ళో మా ఆయన ఆర్.ఎం.పి. డాక్టరు. నరసరావుపేటలో ఒక పెద్ద డాక్టరు దగ్గర ఆరేళ్ళు కాంపౌండరుగా చేసి, 1971లో మా ఊరొచ్చి వసారాలో బల్ల వేసుకున్నాడు. పట్టా లేదు గాని చెయ్యి మంచిదని పేరు. సూది గుచ్చితే తెలిసేది కాదు. వానలో పిలిచినా వెళ్ళేవాడు, వాగు దాటి వెళ్ళేవాడు. ఆయన మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా, మనిషికి బద్ధకం ఉందని మాత్రం ఎవరూ అనలేరు.

సూదులు ఉడకబెట్టే పని నాది. వత్తుల స్టవ్వు మీద స్టీలు డబ్బా పెట్టి, నీళ్ళు మరగడం మొదలయ్యాక గడియారం చూసుకుని ఇరవై నిమిషాలు. పంతొమ్మిది కాదు. సూది మొన దూది మీద గీసి చూసేదాన్ని. పోగు పట్టుకుంటే మొన వంగిందన్నమాట, నూరుడురాయి మీద నూరి మళ్ళీ ఉడకబెట్టాలి. ఏ రోజు ఎందరికి సూది వేశారో గోడ క్యాలెండరు మీద ఆ తారీఖు గడిలో చెరగని కాపీయింగ్ పెన్సిలుతో రాసేదాన్ని. ఏడాది అయ్యాక క్యాలెండరు చుట్టి ట్రంకు పెట్టెలో పడేసేదాన్ని. ఎందుకంటే చెప్పలేను. ఎనిమిదో తరగతితో చదువు మాన్పించారు, లెక్క రాయడం మాత్రం మానలేదు.

ఆ రోజుల్లో మా వైపు జనానికి మాత్ర అంటే నమ్మకం లేదు. జ్వరానికి సూది, నడుంనొప్పికి సూది, పత్తికి మందు కొట్టి తల తిరిగితే సూది, పెళ్ళి పనులు చేసి అలిసిపోతే సూది. మాత్రలిచ్చి పంపితే, "ఏంది డాక్టరూ, సూది లేదా, నా జబ్బు అంత అలుసైపోయిందా?" అనేవాళ్ళు. అన్నిట్లోకీ గొప్పది ఎర్ర సూది. అది విటమిన్ల మందు, దానిమ్మ గింజల రసం రంగులో ఉండేది. ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందని అందరి నమ్మకం. దాన్ని బలం సూది అనేవాళ్ళు.

మిరపకోతలు మొదలయ్యే ముందు కోతకూలీల ముఠా మొత్తం వచ్చి బలం సూదులు వేయించుకోవడం మా ఊరి ఆనవాయితీ. వారానికొకటి, మూడు వారాలు. వంగిన నడుం లేవకుండా నెలన్నర కాయ కోయాలి మరి.

మా ఊళ్ళో ఆ ముఠాకు మేస్త్రి మా పక్కింటావిడ. దూదేకులవాళ్ళు. వాళ్ళాయన పరుపులు కుట్టేవాడు. నాకన్నా నాలుగేళ్ళు చిన్నది, నన్ను వదినా అనేది, మా ఆయన్ను అన్నా అనేది. పొడుగు మనిషి, గొంతు పెద్దది. ఒక సాలు ఇంకొకళ్ళు కోసేలోగా ఈమె సాలున్నర కోసి, వెనక్కి తిరిగి, "ఏమే, కాయలు కోస్తున్నారా, కాయలకు తల దువ్వుతున్నారా?" అని అరిచేది. పదిహేడు మంది ఆడవాళ్ళు ఆమె చేతి కింద. ఆమెతో కలిపి పద్దెనిమిది.

1985లో పత్తిచేలో మందుకొట్టే ఒకతనికి సూది వేసిన చోట గడ్డ కట్టింది. చీము తీసేదాకా పన్నెండు రోజులు మంచం మీద ఉన్నాడు. అది సూది మురికి వల్లేనని నేను పట్టుబట్టాను. అప్పటిదాకా మాకున్నవి మూడు సూదులు, ఒక పది సీసీల గాజు సిరంజి. ఒకరికి గుచ్చి, స్పిరిట్ దూదితో తుడిచి, రెండోవాళ్ళకు గుచ్చేవాడు.

"మనిషికొక సూది ఉండాలి. పన్నెండు సూదులు తెండి" అన్నాను.

"నువ్వు నన్ను డాక్టరీ చేసుకోనిస్తావా, లేదా? పెద్దాసుపత్రిలో కూడా ఇంత మడి కట్టుకోరే."

"వాళ్ళ వసారాలో గడ్డ కట్టలేదు. మన వసారాలో కట్టింది."

నాలుగు నెలలు పోరితే పన్నెండు సూదులు తెచ్చాడు. నా జీవితంలో నేను గెలిచిన తగాదాలు తక్కువ. ఇదొకటి గెలిచాననుకున్నాను.

1986 జనవరి 20, సోమవారం పొద్దున ముఠా వచ్చింది. అరుగు మీద వరసగా కూర్చోబెట్టాను. ముందు కూర్చున్నది ఒక ముసలామె. సూదంటే భయం, త్వరగా అయిపోతే బాగుండునని ఎప్పుడూ ముందు కూర్చునేది. మేస్త్రమ్మ ఆఖర్న కూర్చుంది. ముందు రమ్మని మా ఆయన పిలిస్తే, "నా వాళ్ళందరికీ అయినాక నాకన్నా. మేస్త్రి ముందు తింటే ముఠా ఆకలి ఎవరికి తెలుస్తుంది?" అంది. ఆడవాళ్ళు నవ్వారు. "ఆఖర్న అయితే మందు ఎక్కువ పడుతుందని దాని ఎత్తు" అని ఎవరో అన్నారు. "అవునే, మీ అందరి బలం నాకే" అంది ఆమె.

పని ఇట్లా సాగేది. మనిషికి రెండు సీసీలు. సిరంజిలోకి పది సీసీలు ఎక్కిస్తే ఐదుగురికి సరిపోయేది. ఒకరికి వేయగానే సూది విప్పి ట్రేలో పడేసి, ఉడికిన కొత్త సూది తొడిగేవాడు. గుచ్చాక పిస్టను కొంచెం వెనక్కి లాగి చూసేవాడు, నరానికి తగిలిందేమోనని. అది జాగ్రత్తగా పనిచేసేవాళ్ళ పద్ధతి. పన్నెండు మందికి పన్నెండు సూదులూ అయిపోయాయి. మిగిలినవాళ్ళను ఆగమని, సూదులన్నీ మళ్ళీ డబ్బాలో వేసి స్టవ్వు మీద పెట్టాను. ఇరవై నిమిషాలు. ఆడవాళ్ళు విసుక్కున్నారు. "వదినా, అవి సూదులా, కందిపప్పా?" అని మేస్త్రమ్మ అరుగు మీద నుంచి కేకేసింది.

ఆ ఇరవై నిమిషాలు సిరంజి ఎక్కడుందో నాకు బాగా గుర్తు. అందులో ఇంకా ఆరు సీసీల మందు ఉంది. మందున్న సిరంజిని ఎట్లా ఉడకబెడతాం? ఉతికిన తెల్లగుడ్డ మీద పెట్టి, ఈగలు వాలకుండా మూతికి స్పిరిట్ దూది చుట్టాను. నేనే చుట్టాను.

పద్దెనిమిది మందికీ అయ్యాక సిరంజిలో రెండు సీసీలు మిగిలాయి. మిగిలేటట్టు నేనే లెక్క చూసి ఎక్కించమన్నాను. అది నాకు. రోజంతా ఇంటిపని, వసారా పని చేసేదాన్ని, నాకు మాత్రం బలం వద్దా? మొత్తం పంతొమ్మిది. క్యాలెండరు గడిలో 19 అని రాసి, దాని వెనక పక్క ఎవరి తర్వాత ఎవరో పేర్లు రాశాను. తర్వాతి రెండు సోమవారాలూ అదే వరసలో కూర్చోమన్నాను. ఎవరికి ఎన్ని పడ్డాయో తప్పకుండా ఉండాలని. మూడు సోమవారాలు, యాభై ఏడు సూదులు. ఒక్కళ్ళకూ గడ్డ కట్టలేదు. ఆ సంగతి కూడా రాసిపెట్టుకున్నాను.

మార్చిలో, కల్లాల్లో కాయ ఎండుతుండగా, ముఠాలో ముగ్గురికి కామెర్లు వచ్చాయి. మిరపకాయ వేడి అన్నారు. చేలో బావినీళ్ళు అన్నారు. పసరు మందు పోసే ఊరికి బండి కట్టుకుని వెళ్ళొచ్చారు. నూనె, ఉప్పు మానేసి మజ్జిగన్నం తిన్నారు. నలభై రోజులకు కళ్ళు తెల్లబడ్డాయి. ఊరు మర్చిపోయింది.

మేస్త్రమ్మకు కళ్ళు పచ్చబడలేదు. ఆమెకు ఇంకోటి పట్టుకుంది, దానికి పేరు లేదు. ఆ ఏడు ఎండాకాలంలో ఒకరోజు బిందె ఎత్తుకుని వస్తూ మా అరుగు మీద దించి కూర్చుంది. ఆమె బిందె మధ్యలో దించడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏంది, నడుం పట్టిందా?"

"నడుం కాదు వదినా. ఒళ్ళు నాది కానట్టుంది. తడిసిన గోనెసంచి మోస్తున్నట్టుంది."

"కోతల అలుపు. తగ్గుతుందిలే."

"కోతలు అయిపోయి రెండు నెలలాయె."

మా ఆయన ఎర్ర సూది వేశాడు. రెండు రోజులు బాగుందంది. నిజంగా బాగుందో, బాగుండాలని అనుకుందో. మళ్ళీ వచ్చింది. మళ్ళీ వేశాడు. నీరసానికి బలం సూది తప్ప ఇంకేం వేస్తాం? 1986 మే నుంచి 1988 నవంబరు దాకా ఆమె మా వసారాలో వేయించుకున్న ఎర్ర సూదులు ముప్పై ఒకటి. నేను లెక్కపెట్టాను గాని ఆలోచించలేదు.

1987 కోతల్లో ఆమె సాలు అందరి సాళ్ళకూ సమానమైంది. 1988లో వెనకబడింది. మధ్యాహ్నం అన్నాలప్పుడు గట్టు మీద ఒరిగితే లేచేది కాదు. ఒకప్పుడు ఆమె అన్న మాటలన్నీ ఇప్పుడు ఆమెకు తిరిగి వచ్చేవి. "మేస్త్రమ్మా, కాయలకు తల దువ్వుతున్నావా?" అని కుర్రపిల్లలు కూడా అనేవాళ్ళు. ఆమె నవ్వేది మొదట్లో. ఇంట్లో ఇంకా కష్టం. జ్వరం లేదు, దెబ్బ లేదు, కడుపునొప్పి లేదు, తిండి తింటుంది, కానీ పడుకుంటుంది. అట్లాంటి మనిషిని ఎవరు నమ్ముతారు? వాళ్ళాయన చెడ్డవాడు కాదు. కానీ ఒకరోజు వీధిలోనే అన్నాడు, "ఇంటి పరుపులన్నీ నేను కుడతా, నువ్వు పడుకో" అని. ఆమె ఆ రోజు మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంది. వెళ్ళేటప్పుడు అడిగింది.

"వదినా, నువ్వు లెక్క తప్పని మనిషివి. చెప్పు. నేను దొంగేడుపు ఏడుస్తున్నానా?"

"లేదు."

"మరి ఏంది నాకు?"

ఆ ఒక్క మాట తేల్చుకోవాలనే ఆమెను నరసరావుపేట తీసుకెళ్ళాను. 1988 నవంబరు 24, గురువారం. మా ఆయనకు ఇష్టం లేదు, తనుండగా వేరే డాక్టరెందుకని. అయినా వెళ్ళాం. అక్కడ ఒక లేడీ డాక్టరు. మాట కటువు, మనిషి శ్రద్ధ. రక్తం తీసి గుంటూరు పంపి వారం తర్వాత రమ్మంది. డిసెంబరు 1న మళ్ళీ వెళ్ళాం. రెండు గంటలు బల్ల మీద కూర్చున్నాక మేస్త్రమ్మ అక్కడే పడుకుని నిద్రపోయింది. లోపలి నుంచి పిలుపు వస్తే, లేపబుద్ధికాక నేనొక్కదాన్నే వెళ్ళాను.

"లివరు వాచి ఉంది" అంది డాక్టరు. "చానా రోజులుగా. కామెర్లు తెచ్చే జబ్బుల్లో ఎ అని ఒకటి, బి అని ఒకటి ఉన్నాయి. బి పరీక్ష చేయించాను, లేదు. ఎ అయితే ఇన్నాళ్ళు ఉండదు. ఎ కాదు, బి కాదు, ఇంకోటి ఉంది. దానికి ఇంకా పేరు పెట్టలేదు. మందూ లేదు."

"పేరు లేకుండా జబ్బు ఉంటుందా అండీ?"

"ఆమె ఒంట్లో ఉందిగా. రక్తంలోంచి రక్తంలోకి పోతుంది అది. ఆమెకు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా?"

"లేదు."

"సూదులు?"

అప్పుడు నేను గర్వంగా చెప్పాను. ఇప్పటికీ ఆ గొంతు నాకే వినిపిస్తుంటుంది. "మా ఇంట్లోనే వేస్తామండీ. మనిషికొక సూది. ఇరవై నిమిషాలు ఉడకబెట్టినవి."

ఆమె కాగితాల మీద నుంచి తలెత్తింది.

"సిరంజి?"

నేను మళ్ళీ సూదుల సంగతే చెప్పబోయాను.

"సిరంజి కూడా మనిషికొకటేనా?"

"అందరికీ ఒకటేనండీ. సూదులే మారుస్తాం."

"గుచ్చాక వెనక్కి లాగి చూస్తారా?"

"చూస్తారు."

"లాగితే రక్తం ఎక్కడికి వస్తుంది? సూదిలో ఆగుతుందా?" ఆమె కోప్పడలేదు. అలిసిపోయినట్టు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఒక చుక్కలో వెయ్యో వంతు చాలమ్మా. కంటికి కూడా కనపడదు."

కనపడదు. అందులోనూ మందు ఎర్రది.

తిరుగుబస్సులో మేస్త్రమ్మ నా భుజం మీద తల పెట్టుకుంది. "ఏమందట డాక్టరు?"

"లివరు వాచిందంట. నూనెలు తగ్గించమంది. సూదులు మానేయమంది."

"ఎర్ర సూది కూడానా?"

"అది కూడా."

"మరి నా నీరసానికి ఏం వేయమంది?"

నేను టికెట్ల చిల్లర లెక్కపెడుతూ కూర్చున్నాను. ఆమె ఇంకోసారి అడగకుండానే నిద్రపోయింది.

ఇంటికొచ్చి ట్రంకు పెట్టెలోంచి 1986 క్యాలెండరు తీశాను. వెనక పక్క వరస చూశాను. కామెర్లు వచ్చిన ముగ్గురూ ఎనిమిదో పేరు, పద్నాలుగో పేరు, పదహారో పేరు. ఆరో పేరున్న ఆవిడకు అంతకు రెండేళ్ళ ముందు కాన్పు కష్టమై గుంటూరులో రెండు సీసాల రక్తం ఎక్కించారు. అది ఆమే చెప్పింది, అరుగు మీద కూర్చుని. ఆమె తప్పేం లేదు, ఆమె ఎవరో రాయను. ప్రతి సోమవారం సాయంత్రం సిరంజి కూడా ఉడికేది కాబట్టి, ఆమెకన్నా ముందు కూర్చున్న ఐదుగురికి ఏమీ కాలేదు. భయంతో ముందు కూర్చున్న ముసలామె ఆ తర్వాత పదహారేళ్ళు గట్టిగా బతికింది. పద్దెనిమిదో పేరు మేస్త్రమ్మది. పంతొమ్మిదో పేరు నాది.

మూడు సోమవారాలూ అదే వరసలో కూర్చోబెట్టింది నేను. వరస మారి ఉంటే ఇంకొకళ్ళెవరో తప్పించుకునేవాళ్ళు, ఇంకొకళ్ళెవరో పడేవాళ్ళు. అంతకు మించి తేడా ఉండేది కాదేమో. అయినా ఆ వరస నాది.

మా ఆయనకు క్యాలెండరు చూపించాను. వెనక పక్క పేర్లన్నీ చదివాడు.

"దీన్నిబట్టి ఏం రుజువైంది? బావినీళ్ళు కూడా కావచ్చు."

"బావినీళ్ళు వరస చూసుకుని తాగిస్తాయా?"

"ఏమే, నేను ఎవరికైనా చెడు చేయాలనుకున్నానా? పేటలో ఆ పెద్దాయన ఇట్లాగే చేసేవాడు. ఆయన దగ్గరే నేర్చుకున్నాను."

"మీరు చేయాలనుకున్నారని నేననలేదు."

"ఈ మాట బయటికి పోతే రేపట్నుంచి మన అరుగెక్కేదెవరు? పదిహేడేళ్ళు ఈ ఊళ్ళో..." తర్వాత మెల్లగా అడిగాడు, "నువ్వు కూడా వేయించుకున్నావుగా. నీకెట్లా ఉంది?"

"అలుపుగా ఉంది" అన్నాను. అప్పటికి అది జబ్బు అలుపో, వయసు అలుపో, ఆ రోజు బస్సు ప్రయాణం అలుపో నాకు తెలియదు.

ఆయన మర్నాడే గురజాల వెళ్ళి ఆరు సిరంజిలు కొనుక్కొచ్చాడు. డబ్బా పక్కన పెట్టాడు. ఆయన ఒప్పుకోవడం అంతవరకే. నేను కూడా ఎవరికీ చెప్పలేదు, ఏడు వారాలు.

1989 జనవరి 23, సోమవారం. కోతల ముందు ముఠా మళ్ళీ వచ్చింది. మేస్త్రమ్మే తీసుకొచ్చింది. ఆ ఏడు ముఠా ఆమె చేతి కింద ఉంటుందా, ఇంకొకామె చేతికి పోతుందా అన్నది తేలలేదు. బలం సూదులు తనే వేయిస్తే పెద్దరికం నిలబడుతుందని ఆమె ఆశ. అరుగు మీద వరసగా కూర్చున్నారు. మా ఆయన గురజాల వెళ్ళి ఉన్నాడు.

"ఈ ఏడాది బలం సూదులు లేవు" అన్నాను.

"లేవంటే? మందు రాలేదా?"

"వేయం. పప్పు, బెల్లం, ఆకుకూర తినండి. దానికి మించిన బలం ఆ సూదిలో లేదు."

"బెల్లం తినమనడానికి డాక్టరెందుకు?" అని ఒకామె లేచింది. "పక్కూళ్ళో డాక్టరు లేడా? పదండే." పావుగంటలో అరుగు ఖాళీ అయింది. అందరూ పక్కూరు వెళ్ళి వేయించుకున్నారు. అక్కడ సూదులు కూడా రెండే అని తర్వాత విన్నాను.

మేస్త్రమ్మ ఒక్కతే మిగిలింది. "నా పరువు తీశావు గదా వదినా."

అప్పుడు క్యాలెండరు తెచ్చి చెప్పాను. సిరంజి సంగతి, వెనక్కి లాగడం, వరస, డాక్టరు చెప్పిన పేరు లేని జబ్బు. నీ నీరసం మా ఇంట్లో అంటింది అని చెప్పాను. బస్సులో దాచాను అని కూడా చెప్పాను. ఆమె ఎన్ని తిట్లు తిట్టినా పడాలని నిలబడే చెప్పాను.

ఆమె క్యాలెండరు మీద పేర్ల వరస వెంట వేలు జరిపింది. తర్వాత అంది, "అంటే ఇది నిజం జబ్బే?"

"నిజం జబ్బే."

"నేను పనిదొంగను కాదు."

"కాదు."

కొంగుతో మొహం తుడుచుకుంది. మూడేళ్ళలో మొదటిసారి ఆమె మొహంలో పాత మేస్త్రమ్మ కనిపించింది. "రాసియ్యి వదినా. ఈ ముక్క కాగితం మీద రాసియ్యి. మా ఆయనకు చూపిస్తా. వీధిలో నిలబడి చదివిస్తా."

ఆమె అడిగింది అంతే. సూది వేసిన చేతిని తిట్టలేదు. తనను నమ్మమని ఒక కాగితం అడిగింది.

కాగితం తీసుకుని రాశాను. డాక్టరు చూసిన తారీఖులు రాశాను. లివరు వాచిందని, అది పెద్ద జబ్బని, అందువల్లే నీరసమని, మనిషి నటించడం లేదని, విశ్రాంతి కావాలని రాశాను. తర్వాతి వాక్యం దగ్గర పెన్సిలు ఆగింది. వీధిలో చదివిస్తానంది. పదిహేడేళ్ళ అరుగు కళ్ళముందు కనిపించింది. వానలో గొడుగు కూడా లేకుండా వెళ్ళే మా ఆయన కనిపించాడు.

ఆమెకు చదువు రాదు. "ఏం రాశావో చదువు" అంది. చదివాను. ఆఖర్న, ఈ జబ్బు మా సిరంజి వల్ల అంటింది అని కూడా చదివాను. ఆ వాక్యం కాగితం మీద లేదు.

నేను రాసిన తారీఖుల్లో, లెక్కల్లో, అప్పటిదాకా తప్పు లేదు.

మర్నాడు పొద్దున ఆమె వచ్చి అరుగు మీద కూర్చుంది. మా ఆయన లోపల ఎవరికో కట్టు కడుతున్నాడు. ఆమె గొంతు తగ్గించింది, తనకు అలవాటు లేని పని.

"మా పిల్ల చదివింది. మా ఆయన విన్నాడు. ఏడ్చాడు కూడా."

"మంచిది."

"నువ్వు చదివినంత పొడుగు లేదంట గదా వదినా, కాగితం."

నా చెయ్యి చాపాను. "ఇలా ఇయ్యి. రాస్తాను."

ఆమె ఇవ్వలేదు. నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. "వద్దులే. అన్న బతకాలి గదా. నాకు కావాల్సింది ఉంది దీంట్లో." లేచి నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగింది. "కానీ నువ్వు చదివేటప్పుడు చానా బాగా చదివావు. తడబడలేదు."

మా గుమ్మం నుంచి వాళ్ళ గుమ్మానికి ముప్పై నాలుగు అడుగులు. ఆ పొద్దున ఆమె మధ్యలో రెండుసార్లు ఆగింది.

ఆ ఏడే ఆ జబ్బుకు హెపటైటిస్ సి అని పేరు పెట్టారని తర్వాత ఎప్పుడో తెలిసింది. ప్లాస్టిక్ సిరంజిలు వచ్చాయి, వాడి పారేసేవి. మా ఆయన 1999లో గుండెనొప్పితో పోయాడు, చివరిదాకా డాక్టరుగానే. మేస్త్రమ్మ 2004లో పోయింది. ఆఖరి ఏడాది పొట్టలో నీరు చేరింది, రెండుసార్లు తీయించారు. ముఠా 1989లోనే చేజారింది గాని, ఆ తర్వాత ఎవరూ ఆమెను పనిదొంగ అనలేదు. వాళ్ళాయన నీళ్ళ బిందె మోయడం నేను చూశాను.

ఆమె ఉన్న రోజుల్లో మందు లేదు. నాకు వచ్చింది. రోజుకొక మాత్ర, ఎనభై నాలుగు రోజులు. ఒక్క రోజూ తప్పలేదు, క్యాలెండరు మీద గుర్తు పెట్టాను. తర్వాత రక్తం చూసి, పోయిందమ్మా, ఇక లేదు అన్నారు. అలుపు మాత్రం పోలేదు. ఇది వయసుదని అంటారు. కావచ్చు.

కాగితంలో రాయని వాక్యం ఇది. 1986 జనవరి 20, 27, ఫిబ్రవరి 3 తారీఖుల్లో, మా వసారాలో, పన్నెండు సూదులతో, ఒకే సిరంజితో, ఆమెకు ఈ జబ్బు మేమే అంటించాము.